సినిమా పేరులో బూతు: అసలు ఏది బూతు, ఎవరికి బూతు?

ఏప్రిల్ 14న దండలు వేయడం, ఉపన్యాసాలు అన్నీ అయిపోయాక సభ దగ్గర మిగిలేది కుర్చీలు సర్దే పిల్లలూ, కబుర్లు తెగని నాలాంటి ఇద్దరు ముగ్గురూ. వెలిగండ్లలో అట్లాంటి ఒక సాయంత్రం డిగ్రీ చదివే అబ్బాయి ఒకడు వచ్చి పక్కన కూర్చున్నాడు. వాళ్ళ కాలేజీలో చర్చా పోటీ పెట్టారట. సినిమా పేర్లలో బూతులు ఉండవచ్చా, ఉండకూడదా అన్నది అంశం. ఉండకూడదు అనే పక్షంలో మాట్లాడమని మాస్టారు ఇతనికి చెప్పారు. సంస్కృతి, కుటుంబం, ఆడపిల్లలు అంటూ నాలుగు పాయింట్లు రాసుకున్నాడు. కానీ ఒకచోట ఆగిపోయాడు. ఊళ్ళో తనను తిట్టేవాళ్ళు చాలాసార్లు బూతు మాట వాడనే వాడరు, కులం పేరు ఒక్కటే వాడతారు. దాన్ని ఈ పోటీలో ఎక్కడ చెప్పాలి అన్నది అతని సందేహం.

అప్పుడు ఏదో సర్దిచెప్పి పంపాను. సరైన జవాబు చెప్పలేకపోయానని తర్వాత అనిపించింది. ఆ ప్రశ్న కాలేజీ పోటీలో ఇమిడేది కాదు. సెన్సారు బోర్డు కూడా దానికి ఇప్పటిదాకా సరిగ్గా బదులు చెప్పలేదు.

ముందు అందరికీ కనపడే తిట్ల సంగతి చూద్దాం. తెలుగు సినిమా పేర్లలో తిట్టు కొత్తేమీ కాదు. 2002లో ‘ఇడియట్’, 2006లో ‘పోకిరి’, 2008లో ‘కంత్రి’, 2015లో ‘లోఫర్’, 2017లో ‘రోగ్’. వీటిలో కంత్రి తప్ప మిగతా నాలుగూ పూరి జగన్నాథ్ తీసినవే. ఒక పెద్దమనిషి వీధిలో ఎవరినైనా ఈ మాట అంటే గొడవ అవుతుంది. హీరో బొమ్మ కింద రాస్తే మాత్రం జనం చప్పట్లు కొడతారు. కనిగిరి, పామూరు గోడల మీద ఈ పోస్టర్లు అంటించినప్పుడు పేరు బాగాలేదని ఎవరూ బస్సు ఆపలేదు.

ఎందుకంటే అక్కడ తిట్టు హీరో తొడుక్కున్న చొక్కా లాంటిది. కావలసినప్పుడు విప్పేయొచ్చు. ‘పోకిరి’ చూసినవాళ్ళకు తెలుసు, చివరికొచ్చేసరికి ఆ పోకిరి రహస్యంగా పనిచేస్తున్న పోలీసు అధికారి అని తేలుతుంది. యూనిఫాం వేసుకుని నడిచొస్తాడు, అక్కడితో పోకిరితనం అంతా త్యాగం కింద జమ అవుతుంది. మన కాలనీల్లో కుర్రాళ్ళకు ఆ విప్పే వీలు లేదు. పొలంలో మోటారు పోయినా, సెల్లు పోయినా, ఇద్దరు పిల్లలు ప్రేమించుకుని ఊరు దాటినా మొదట వినపడే మాట ‘ఆ పోకిరి నాయాళ్ళు’ అనే. ఆ పేరు తీసేసే క్లైమాక్సు వాళ్ళ జీవితంలో రాదు. ఒకే మాట ఒకరికి బిరుదు, ఇంకొకరికి స్టేషన్లో రాసుకునే ఆనవాలు. మాటను మాత్రమే పట్టుకుని మంచిదా చెడ్డదా అని తేల్చబోతే ఈ తేడా జారిపోతుంది.

ఇంకొంచెం లోపలికి పోదాం. తెలుగులో బూతు అనుకునే మాటలు ఎక్కడినుంచి వచ్చాయి? ‘ముండ’ అంటే గుండు చేయించిన మనిషి. మొగుడు పోయిన ఆడమనిషికి తల గొరిగించి, ఆ గుండునే తిట్టుగా మార్చారు. ‘లంజ’ అనే మాట మగవాళ్ళ సుఖానికి వాడుకున్న ఆడవాళ్ళ మీద పడింది, ఆ మగవాళ్ళకు మాత్రం ఏ పేరూ అంటలేదు. బసివి, జోగిని, మాతమ్మ అని దేవుడి పేరు మీద వదిలేసిన ఆడపిల్లల్లో ఎక్కువమంది మాల, మాదిగ ఇళ్ళవాళ్ళే. ఆ ఆచారాన్ని ఆపడానికి ఆంధ్రప్రదేశ్ 1988లో చట్టం చేయాల్సి వచ్చింది. ఆడదాని మీద పడిన బూతును కాస్త గీకితే అడుగున కులం కనపడుతుంది.

ఇక ‘చండాలం’. ఈ మాటను మనమే రోజుకు పదిసార్లు వాడతాం. కూర చండాలంగా ఉంది, రోడ్డు చండాలంగా ఉంది, సినిమా చండాలంగా ఉంది. సమీక్షకులు కూడా మొహమాటం లేకుండా రాసేస్తారు. చండాలుడు అంటే మనుస్మృతి లెక్కలో ఊరి బయట ఉండాల్సినవాడు, పగిలిన కుండలో తినాల్సినవాడు. అంటే ఒక మనిషి పేరును చెడుకు పర్యాయపదం చేసి, అది బూతు అని కూడా గుర్తురాకుండా భాషలో కలిపేశారు. ఏ సెన్సారు అధికారీ ఈ మాట దగ్గర బీప్ వేయడు. ఆడవాళ్ళ మీద తిట్టు వస్తే బీప్ వేస్తారు, అది కూడా పెదవులు కదలడం కనపడుతూనే ఉంటుంది.

చట్టం ఈ విషయంలో సినిమా కంటే ముందుంది. షెడ్యూల్డు కులాలు, తెగల అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. 2015 సవరణ తర్వాత సెక్షన్ 3(1)(ఆర్) ప్రకారం ఎస్సీ, ఎస్టీ వ్యక్తిని పదిమందికి కనపడే చోట కించపరచాలనే ఉద్దేశంతో అవమానించడం నేరం. పక్కనే ఉన్న 3(1)(ఎస్) ప్రకారం అలాంటి చోట కులం పేరుతో తిట్టడం కూడా నేరమే. కులం పేరు అనేది సర్టిఫికెట్‌లో ఉండే మామూలు మాట కదా, తిట్టు ఎలా అవుతుంది అనే వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. స్వరణ్ సింగ్ కేసులో 2008లో కోర్టు చెప్పింది ఏమంటే, ‘చమార్’ అనే మాటకు నిఘంటువులో, జాబితాలో ఏ అర్థం ఉన్నా, ఈ రోజు జనం దాన్ని ఎలా వాడుతున్నారో చూడాలి, కించపరచడానికి వాడితే అది నేరమే అని. 2017లో ‘హరిజన’ అనే మాట గురించి కూడా సుప్రీంకోర్టు ఇదే దారిలో మాట్లాడింది, ఇప్పుడది గౌరవం కాదు, అవమానంగా వాడుతున్న మాట అని. మెత్తగా వినపడే మాట కూడా తిట్టవుతుందని అంబేడ్కర్ వాదులు దశాబ్దాలుగా చెబుతున్నదాన్ని కోర్టు ఆలస్యంగా ఒప్పుకుంది.

ఇప్పుడు పోస్టర్ల దగ్గరికి తిరిగి వద్దాం. తెలుగు సినిమా పేర్లలో కులం పేర్లు ఎన్ని ఉన్నాయో ఒకసారి గుర్తు చేసుకోండి. సమరసింహారెడ్డి, చెన్నకేశవరెడ్డి, నరసింహనాయుడు, అర్జున్ రెడ్డి, వీరసింహారెడ్డి. ఇక్కడ కులం పేరు కత్తికి పిడి లాంటిది, పట్టుకుంటే బలం వస్తుంది. టైటిల్ కార్డు పడగానే ఈలలు వేస్తారు. అదే చోట మాల అనో మాదిగ అనో రాసిన పెద్ద హీరో సినిమా ఒక్కటి వెతికి చూడండి. కులం పేరు వల్ల సినిమాకు మచ్చ పడుతుందన్న భయం అందరు నిర్మాతలకూ లేదు, కొన్ని కులాల పేర్ల దగ్గరే ఉంది.

అలాంటి పేరు పెట్టిన సినిమా మనకు ఒకటి ఉంది, వచ్చి ఎనభై ఏళ్ళు దాటింది. 1938లో గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ తీశారు. కథ గుడిపాటి వెంకటచలానిది, మాటలు తాపీ ధర్మారావువి, కాంచనమాల నాయిక. బ్రాహ్మణ పూజారి కొడుకు మాల అమ్మాయిని ప్రేమించడం, గుడిలోకి ప్రవేశం కోసం పోరాటం అందులో విషయం. సినిమాలో లోపాలు లేవని కాదు. మాలపిల్లగా వేసింది మాలపిల్ల కాదు, వాడను సంస్కరించాలి అనే గాంధేయుల చూపు కథ నిండా ఉంటుంది. కానీ పేరు మాత్రం పేరే. ఊరి మధ్య గోడ మీద, కింద బొమ్మతో, ‘మాల’ అనే మాటను నాయికకు ముందు రాసి అంటించారు. ఆ మాట వినపడితే స్నానం చేసే రోజుల్లో టికెట్టు కొనాలంటే దాన్ని నోటితో పలకాల్సి వచ్చింది. ఈ రోజు అదే పేరు పెడతామంటే ఎంతమంది నిర్మాతలు ధైర్యం చేస్తారో నాకు అనుమానమే. గొడవలు వస్తాయంటారు, కేసులు పడతాయంటారు, ఫ్యామిలీలు రావంటారు.

ఇదే ప్రకాశం జిల్లాలో 1994 జులై 7న ఈదుముడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టినప్పుడు జరిగింది కూడా ఇలాంటి పనే. మంద కృష్ణ, ఆయన తోటివాళ్ళు తమ పేర్ల చివర ‘మాదిగ’ అని తగిలించుకున్నారు. రెడ్డి, చౌదరి, శర్మ ఉండే చోట ఆ మాట వచ్చి కూర్చుంది. వర్గీకరణ మీద మనలో మనకు ఎన్ని వాదాలున్నా, నోట్లో నలిగి తిట్టైన మాటను పత్రికలవాళ్ళు రోజూ పేరుగా అచ్చువేయక తప్పని పరిస్థితి తెచ్చింది ఆ నిర్ణయమే.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ మాట ఉన్న సినిమాలు. బూతు మాట ఒక్కటీ లేకుండా ఒక ఊరినే బూతు చేసిన సినిమా పేర్లు ఉన్నాయి. నన్నడిగితే ఈ చర్చకు అసలు ఉదాహరణ అవే. 1991లో ఒకే ఏడాది రెండు సినిమాలు వచ్చాయి. ఒకటి చిరంజీవి, విజయశాంతి నటించగా యండమూరి వీరేంద్రనాథ్ దర్శకత్వం వహించిన ‘స్టువర్టుపురం పోలీస్ స్టేషన్’, రెండోది భానుచందర్ నటించిన ‘స్టువర్టుపురం దొంగలు’. రెండో పేరును విడదీసి చూడండి. ఊరు పేరు, పక్కన దొంగలు. రెండూ నిఘంటువులో ఉన్న మర్యాదైన మాటలే. సెన్సారుకు అందులో కత్తిరించడానికి ఏమీ కనపడలేదు.

స్టువర్టుపురం బాపట్ల దగ్గర ఉంది, మనకు చీరాల దాటాక వస్తుంది. ఆ ఊరు దానంతట అది పుట్టలేదు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్త జాతుల చట్టం తెచ్చింది, 1911లో దాన్ని మద్రాసు రాజ్యానికి కూడా విస్తరించింది. పుట్టుకతోనే నేరస్తులు అని కొన్ని జాతులను జాబితాలో ఎక్కించారు. అందులో ఎరుకలవాళ్ళు ఉన్నారు. వీళ్ళు అంతకుముందు గాడిదల మీద, ఎద్దుల మీద కోస్తా ఉప్పును మెట్ట ప్రాంతాలకు చేరవేసి ధాన్యం తెచ్చుకునేవాళ్ళు. మన పడమటి ఊళ్ళకు ఉప్పు నడిచొచ్చింది అట్లాంటి గాడిదల వీపుల మీదే. రైలు వచ్చింది, ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం వచ్చింది, ఆ బతుకు పోయింది. బతుకు పోయి తిరుగుతున్నవాళ్ళను తిరుగుతున్నందుకే నేరస్తులన్నారు. 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ చేతికి ఇచ్చి ఒక సెటిల్మెంటు పెట్టించారు. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలిలో సభ్యుడైన హరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా బయటికి పోకూడదు. చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలు అక్కడినుంచి వెళ్ళేవాళ్ళు. కావలి దగ్గర కప్పరాళ్ళతిప్పలో కూడా ఇలాంటిదే ఇంకో సెటిల్మెంటు ఉండేది.

1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ జాబితా రద్దయింది. కాగితం మీద రద్దయిన ముద్ర నాలుకల మీద ఉండిపోయింది. గుర్రం జాషువా కూతురు హేమలతా లవణం, సంస్కార్ అనే సంస్థ ద్వారా ఆ ఊళ్ళో ఏళ్ళ తరబడి పనిచేశారు. పిల్లలను బడికి పంపడం, కేసుల్లో ఇరుక్కున్నవాళ్ళకు వేరే బతుకు చూపించడం ఆ పని. అట్లా ఊరు తన పేరును కడుక్కుంటున్న కాలంలో, 1991లో, రాష్ట్రంలో ప్రతి గోడ మీదా ‘స్టువర్టుపురం దొంగలు’ అని పోస్టరు పడింది. ఆ ఊరి పిల్ల ఎక్కడికో కాలేజీకి పోయి, ఏ ఊరమ్మా అని అడిగితే ఏం చెప్పాలి? ఒక్క బూతూ లేని ఆ పేరు ఆ పిల్లకు ఏ బూతు కంటే తక్కువ?

ముప్పై ఏళ్ళు గడిచాక 2023లో రవితేజ హీరోగా ‘టైగర్ నాగేశ్వరరావు’ వచ్చింది. ఆ ఊరి మనిషి, 1980లలో పోలీసు కాల్పుల్లో చనిపోయిన ఒక దొంగ జీవితం మీద తీసిన కథ. టీజర్లో ఊరిని నేరాల రాజధాని అన్నట్టు చూపారని, ఎరుకల జాతిని కించపరిచారని రాష్ట్ర హైకోర్టులో పిటిషన్ పడింది, నిర్మాతకు నోటీసులు వెళ్ళాయి. అక్టోబరులో సినిమా మాత్రం విడుదలైంది. ఈసారి కనీసం పేరు ఊరి మీద కాకుండా ఒక మనిషి మీద పెట్టారు. ముప్పై ఏళ్ళలో జరిగిన అభివృద్ధి అంతవరకే.

దీని పక్కన ‘వాల్మీకి’ సంగతి పెట్టి చూడాలి. 2019లో హరీష్ శంకర్ దర్శకత్వంలో వరుణ్ తేజ్ ఒక గ్యాంగ్‌స్టర్‌గా చేసిన సినిమాకు ఆ పేరు పెట్టారు. దొంగగా ఉన్నవాడు మారడం అన్న పోలిక వాళ్ళ ఉద్దేశం. తమ మూలపురుషుడి పేరును రౌడీకి పెట్టారని బోయ సంఘాలు అభ్యంతరం చెప్పాయి, హైకోర్టుకు వెళ్ళాయి, అనంతపురం, కర్నూలు జిల్లాల్లో ప్రదర్శన ఆపమని కలెక్టర్లు చెప్పే దాకా వచ్చింది. విడుదలకు ముందు రోజు, సెప్టెంబరు 19న, పేరు ‘గద్దలకొండ గణేష్’ అయింది. గమ్మత్తు ఏమంటే ఇదే హీరో అంతకు నాలుగేళ్ళ ముందు ‘లోఫర్’ చేశాడు. తిట్టు పేరు ఏ ఇబ్బందీ లేకుండా ఆడింది, రుషి పేరు ఒక్క రాత్రిలో మారిపోయింది. అవమానం అనేది మాటలో లేదు, ఆ మాటను తెచ్చి ఎవరికి అంటించారన్న దానిలో ఉంది అనడానికి ఇంతకంటే పెద్ద రుజువు అక్కర్లేదు.

ఆ ఏడాదే ‘కమ్మ రాజ్యంలో కడప రెడ్లు’ అని రామ్‌గోపాల్ వర్మ ప్రకటించిన సినిమా ‘అమ్మ రాజ్యంలో కడప బిడ్డలు’గా మారి విడుదలైంది. హిందీలో 2009లో ‘బిల్లు బార్బర్’ నుంచి బార్బర్ అనే మాట తీసేశారు. పేరు మార్పించడం సాధ్యమే అన్నమాట. ఎవరు అడిగితే ఎంత వేగంగా మారుతుందన్నదే ప్రశ్న. జిల్లా బంద్ చేయగల సంఖ్య, ఎమ్మెల్యేలు, సంఘ భవనాలు ఉన్నవాళ్ళు అడిగితే రాత్రికి రాత్రి మారుతుంది. రైల్వే స్టేషను పక్కన ఒక ఊరు అడిగితే ముప్పై ఏళ్ళు కూడా చాలదు.

అయితే సెన్సారు బోర్డుకు ఇంకా ఎక్కువ కత్తెర్లు ఇద్దామా? నా మటుకు నాకు దాని మీద నమ్మకం లేదు. కారణం చెబుతాను. 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం కింద 1991 డిసెంబరులో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలే ఇప్పటికీ బోర్డుకు ఆధారం. సినిమా పేర్లు రెచ్చగొట్టేవిగా, అసభ్యంగా, బాధ కలిగించేవిగా లేకుండా జాగ్రత్తగా పరిశీలించాలని అందులో విడిగా రాసి ఉంది. జాతి, మతం, ఇతర సమూహాలను తృణీకరించే మాటలు ఉండకూడదని కూడా ఉంది. కులం మాత్రం ఆ ‘ఇతర’లో ఎక్కడో సర్దుకోవాలి. ఈ రాత రాకముందు ‘స్టువర్టుపురం పోలీస్ స్టేషన్’ లాంటి పేరును బోర్డు ఆపలేదు. కానీ 2025లో జ్యోతిరావు, సావిత్రీబాయి ఫూలే జీవితం మీద అనంత్ మహదేవన్ ‘ఫూలే’ తీస్తే ‘మహార్’, ‘మాంగ్’, ‘పేష్వాయి’ లాంటి మాటలు తీసేయమంది. బ్రాహ్మణ సంఘాల అభ్యంతరాల మధ్య ఏప్రిల్ 11న, ఫూలే జయంతి రోజున రావాల్సిన సినిమా రెండు వారాలు వెనక్కి పోయింది.

ఇక్కడ కాసేపు ఆగి చూడాలి. మహార్, మాంగ్ అనేవి ఫూలే బడిలో కూర్చున్న పిల్లల కులాల పేర్లు. వాళ్ళను తిట్టడానికి కాక, వాళ్ళ మీద జరిగింది చెప్పడానికి ఆ సినిమా ఆ పేర్లు వాడింది. ‘చమార్’ను తిట్టుగా వాడితే నేరమని సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు వెనక ఉన్న ఆలోచనకు ఇది నేరుగా ఎదురు. తిట్టినప్పుడు తప్పు అన్న మాటను, చరిత్ర చెప్పినప్పుడు కూడా తప్పు అన్నట్టు మార్చేశారు. దెబ్బ కొట్టినవాడి పేరూ పోయింది, దెబ్బ తిన్నవాడి పేరూ పోయింది, కులం లేని దేశం ఒకటి తెర మీద మిగిలింది. కత్తెర పదును పెంచమని మనం అడిగిన ప్రతిసారీ మొదట తెగేది మన కథే.

బూతు మాటల మీద సుప్రీంకోర్టు 1996లోనే చాలా స్పష్టంగా మాట్లాడింది. ఫూలన్ దేవి జీవితం మీద శేఖర్ కపూర్ తీసిన ‘బండిట్ క్వీన్’లో తిట్లు ఉన్నాయి, నగ్నంగా ఊరేగించే దృశ్యం ఉంది. దాన్ని ఆపమని కోర్టుకు వెళ్ళింది గుజ్జర్ కులానికి చెందిన ఒకాయన, తమ కులాన్ని చెడుగా చూపారన్నది ఆయన బాధ. మల్లా కులంలో పుట్టిన ఒక ఆడమనిషికి జరిగింది చూపిస్తే కలిగే అసహ్యం, ఆ పని చేసినవాళ్ళ మీద కలగాలనే ఆ దృశ్యం ఉందని కోర్టు చూసింది. రోజూ ఏ వీధిలోనైనా వినపడే నాలుగు తిట్లను పెద్ద విషయం చేయొద్దని చెప్పింది. అంతకుముందు 1989లో ‘ఒరే ఒరు గ్రామత్తిలే’ అనే తమిళ సినిమా కేసులో, రిజర్వేషన్లను విమర్శించే సినిమాను కూడా గొడవలు వస్తాయన్న భయంతో ఆపకూడదని తీర్పు ఇచ్చింది. ఆ సినిమా మనకు నచ్చేది కాదు. కానీ ‘ఫూలే’ కోసం వాదించాలంటే మన లాయర్లు చేతిలో పట్టుకోవాల్సిన తీర్పు అదే.

తిట్టును పేరుగా పెట్టుకునే హక్కు ఎవరికి ఉంది అన్న ప్రశ్నకు మన సాహిత్యం ఎప్పుడో బదులిచ్చింది. గబ్బిలం ఇంట్లోకి వస్తే అపశకునం అంటారు, మన పక్కనున్న వినుకొండలో పుట్టిన జాషువా తన కావ్యానికి ఆ పేరే పెట్టాడు. నాగప్పగారి సుందర్రాజు తన పుస్తకాలకు ‘చండాల చాటింపు’, ‘మాదిగోడు’ అని పేరు పెట్టాడు. మద్దూరి నగేష్‌బాబు ‘వెలివాడ’ అన్నాడు, జి. కళ్యాణరావు నవలకు ‘అంటరాని వసంతం’ అన్నాడు. అమెరికాలో నల్లజాతి హాస్యకారుడు డిక్ గ్రెగొరీ 1964లో తన ఆత్మకథకు తమ జాతిని తిట్టే మాటనే పేరుగా పెట్టి, ఇక ఆ మాట ఎక్కడ వినపడినా నా పుస్తకానికి ప్రచారం చేస్తున్నారనుకో అని తల్లికి చెప్పుకున్నాడు. ఈ పేర్లు చదివినప్పుడు సిగ్గు ఎటువైపు పోతుందో గమనించండి. పుస్తకం పట్టుకున్న దళిత విద్యార్థి తల ఎత్తుతాడు, అడిగినవాడు కాస్త నీళ్ళు నములుతాడు.

సినిమాలో దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ మరాఠీలో ఉంది. నాగరాజ్ మంజుళే 2013లో తీసిన ‘ఫండ్రీ’. కైకాడి భాషలో ఆ మాటకు పంది అని అర్థం, వినగానే మన ‘పంది’కి చుట్టం అని తెలుస్తుంది. కైకాడి వాళ్ళు మన ఎరుకల వాళ్ళకు దూరం కాదు, భాషలూ దగ్గరివే. కథలో జబ్యా అనే పిల్లవాడు పై కులం అమ్మాయి కంట పడాలనుకుంటాడు, వాళ్ళ ఇంటివాళ్ళకేమో ఊరివాళ్ళు పందులు పట్టే పని చెబుతారు. స్కూలు పిల్లలంతా నిలబడి చూస్తుండగా పంది వెనక పరిగెత్తాల్సి వస్తుంది. చూస్తున్నవాళ్ళు వాడిని పిలిచి ఎగతాళి చేసే మాటే సినిమా పేరు. చివర్లో వాడు రాయి తీసి విసిరితే అది నేరుగా మన ముఖం మీదికి వస్తుంది. స్టువర్టుపురం పక్కన దొంగలు అని రాసినవాళ్ళు, ఫండ్రీ అని రాసుకున్నవాళ్ళు వాడింది ఒకే రకం మాట. మొదటిది బయటినుంచి ఊరి మీద అతికించిన చీటీ. రెండోది తన మీద విసిరిన రాయిని ఏరుకుని తిరిగి విసరడం.

పేరు విషయంలో ఒక ప్రత్యేకత ఉందని మాత్రం ఒప్పుకోవాలి. సినిమా లోపల ఉన్న మాటకు సర్టిఫికెట్టు ఉంటుంది, టికెట్టు ఉంటుంది, ఇష్టం లేనివాడు పోకుండా ఉండొచ్చు. పేరుకు ఆ గోడలు లేవు. అది బడి ప్రహరీ మీద ఉంటుంది, ఆటోకు కట్టిన మైకులో ఉంటుంది, యూట్యూబులో అడగకుండానే వస్తుంది. సర్టిఫికెట్టు ఏదైనా పేరు మాత్రం ఆరేళ్ళ పిల్లలు కూడా చదువుతారు. హీరోను తిట్టే పేరు వల్ల ఆ పిల్లలకు జరిగే నష్టం పెద్దగా ఉండదనుకుంటాను, ఇంట్లో అంతకంటే ఘాటైనవి వింటూనే ఉంటారు. వాళ్ళ వాడను, వాళ్ళ ఊరిని, వాళ్ళ అమ్మ చేసే పనిని తిట్టుగా మార్చిన పేరు వేరు. అది మర్నాడు తరగతి గదిలో ఆ పిల్లకు మారుపేరు అవుతుంది.

అందుకే ఆ అబ్బాయి లాంటివాళ్ళకు పనికొచ్చే రెండు చట్టం సంగతులు చెప్పి ఆపుతాను. సినిమా పేరు మీద ఫిర్యాదు చేయాలనుకునేవాళ్ళు చాలామంది 3(1)(ఎస్) పట్టుకుని స్టేషనుకు పోయి, అది వ్యక్తిని తిడితేనే వర్తిస్తుందని వెనక్కి వస్తారు. ఒక సమూహం మొత్తం మీద ద్వేషం, శత్రుత్వం పెంచే మాటలు, రాతలు, బొమ్మల కోసం అదే చట్టంలో 3(1)(యు) విడిగా ఉంది. 2024 ఆగస్టులో షాజన్ స్కారియా కేసులో సుప్రీంకోర్టు ఈ రెండింటి మధ్య గీత గీసింది. ఒక మనిషిని ఉద్దేశించి అన్నదానికి (యు) రాదు, ఎస్సీ ఎస్టీలను సమూహంగా ఉద్దేశించినదానికే వస్తుంది అని. పోస్టరు, టైటిలు చేసే పని సాధారణంగా ఈ రెండో రకమే. సినిమాకు సర్టిఫికెట్టు ఇవ్వకముందే సెన్సారు బోర్డు హైదరాబాదు ప్రాంతీయ కార్యాలయానికి, పేర్ల గురించి విడిగా ఉన్న ఆ 1991 మార్గదర్శకాన్ని ఎత్తిచూపుతూ ఉత్తరం రాస్తే, తర్వాత హైకోర్టులో చూపించడానికి ఒక కాగితం చేతిలో ఉంటుంది. సినిమా ధృవీకరణ అప్పీళ్ళ ట్రిబ్యునల్‌ను 2021లో తీసేశారు కాబట్టి మధ్యలో ఇంకో మెట్టు లేదు.

ఊరి పేరుతో తిడితే ఏ సెక్షను అని కూడా ఆ సాయంత్రం అడిగాడు. కులం పేరు నోట రాకపోయినా, ఎస్టీ పిల్లను కులం కారణంగానే అవమానించాలని పదిమందిలో ‘మీది స్టువర్టుపురమా’ అని వెక్కిరిస్తే, ఆ ఉద్దేశాన్ని రుజువు చేయగలిగితే 3(1)(ఆర్) ఉంది. రుజువు చేయడం కష్టం, ఆ మాట కూడా చెప్పాలి, ఎందుకంటే అన్నవాడు ఊరే కదా అడిగాను అంటాడు. చర్చా పోటీలో ఆ అబ్బాయి ‘ఉండకూడదు’ పక్షాన మాట్లాడి, తన ఐదు నిమిషాల్లో మూడు నిమిషాలు స్టువర్టుపురం గురించే చెప్పాడట. బహుమతి రాలేదు. అంశం దాటి మాట్లాడాడని మార్కులు తీసేశారు.